పవర్ ఎలక్ట్రానిక్స్‌ను సిమ్యులేషన్‌తో నేర్పడం ఎలా? ఒక్క బక్ కన్వర్టర్‌తో మొదలుపెట్టండి

ట్రిపుల్ఈ మూడో సంవత్సరానికి పవర్ ఎలక్ట్రానిక్స్ చెప్పే లెక్చరర్లు ఎక్కువగా అడిగేది ఇదే: "సాఫ్ట్‌వేర్ ఉంది, సిస్టమ్స్ ఉన్నాయి. పిల్లలు సర్క్యూట్ గీస్తున్నారు, వేవ్‌ఫామ్ వస్తోంది, ప్రింట్ తీసి రికార్డులో అంటిస్తున్నారు. వైవాలో మాత్రం లోడ్ తగ్గిస్తే ఏమవుతుందని అడిగితే నోరు మెదపరు. సిమ్యులేషన్‌తో నిజంగా నేర్పడం ఎలా?"

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఎంత రావాలో తెలియకుండా రన్ నొక్కితే ఏ వేవ్‌ఫామ్ వచ్చినా సరైనదే అనిపిస్తుంది. అందుకే ఈ గైడ్ మొత్తానికి ఒకటే నియమం: విద్యార్థి ముందు తన అంచనాను అంకెల్లో పెన్నుతో రాయాలి, ఆ తర్వాతే రన్ నొక్కాలి. మిగతా పద్ధతంతా ఆ నియమం చుట్టూ తిరుగుతుంది.

ఇక్కడ ఒక్క బక్ కన్వర్టర్‌నే (ఎక్కువ డీసీ వోల్టేజీని తక్కువ డీసీ వోల్టేజీగా మార్చే సర్క్యూట్) తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేయిస్తాం. పది సర్క్యూట్లు పైపైన చేయించేకన్నా ఒకదాన్ని అన్ని వైపుల నుంచి చూపించడం వల్ల పిల్లలకు ఎక్కువ ఒంటపడుతుంది.

ఏమేం కావాలి

- ఇద్దరికొక కంప్యూటర్. మామూలు ఆఫీసు కంప్యూటర్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.
- ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్. ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది.
- ఒక్కొక్కరికి అబ్జర్వేషన్ పుస్తకం, పెన్ను, కాలిక్యులేటర్. ఇవి లేనివాళ్లను సిస్టమ్ ముందు కూర్చోబెట్టకండి.
- మీ దగ్గర ముందే చేసి, సరిచూసి పెట్టుకున్న ఒక ఫైలు. దాన్ని విద్యార్థులకు ఇవ్వకండి.

"మా కాలేజీలో మ్యాట్‌ల్యాబ్ ఉంది కదా, సిమ్యులింక్ వాడొద్దా?" అని అడుగుతారు. వాడండి. థైరిస్టర్ కన్వర్టర్లు, ఇన్వర్టర్లు, మోటారు డ్రైవులు, క్లోజ్డ్ లూప్ కంట్రోల్ చెప్పడానికి సిమ్యులింక్ సుఖం. పీసిమ్, ప్లెక్స్ కూడా పవర్ ఎలక్ట్రానిక్స్ కోసమే తయారైనవి, వేగంగా నడుస్తాయి. కానీ లైసెన్సు కాలేజీ ల్యాబ్‌కే పరిమితమైతే విద్యార్థి ఇంటికి వెళ్లి మళ్లీ ప్రయత్నించలేడు. మొదటి సర్క్యూట్ సొంత ల్యాప్‌టాప్‌లో నడవాలని నా అభిప్రాయం. పూర్తిగా ఓపెన్ సోర్స్ కావాలంటే ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు వాళ్ల ఈసిమ్ ఉంది, దాని లోపల నడిచేది ఎన్‌జీస్పైస్. కింద చెప్పిన సర్క్యూట్ దానిలోనూ చేయొచ్చు, మెనూలు, కమాండ్ల తీరు కొంచెం మారతాయి.

మన సర్క్యూట్ అంకెలు

ఇన్‌పుట్ 24 వోల్టులు. డ్యూటీ రేషియో (ఒక సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే భాగం) 0.5. స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 50 కిలోహెర్ట్జ్, అంటే ఒక సైకిల్ 20 మైక్రోసెకన్లు. ఇండక్టర్ 100 మైక్రోహెన్రీలు, కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు, లోడ్ 6 ఓమ్‌లు. నోటి లెక్కతో జవాబులు వచ్చేలా ఎంచుకున్న అంకెలివి, మొదటి రోజు మార్చకండి.

1. ముందు కాగితం మీద లెక్క

సిస్టమ్స్ ఆన్ చేయించకముందే బోర్డు మీద ఈ ఖాళీలు రాసి, ఎవరి పుస్తకంలో వాళ్లను నింపమనండి.

- సగటు అవుట్‌పుట్ వోల్టేజీ: 24 × 0.5 = 12 వోల్టులు
- లోడ్ కరెంటు: 12 ÷ 6 = 2 ఆంపియర్లు
- ఇండక్టర్ కరెంటు రిపుల్ (ప్రతి సైకిల్‌లో కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఊగే మొత్తం): స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇండక్టర్ మీద 24 − 12 = 12 వోల్టులు, ఆన్ టైమ్ 10 మైక్రోసెకన్లు. 12 × 10 ÷ 100 = 1.2 ఆంపియర్లు
- ఇండక్టర్ కరెంటు గరిష్ఠం 2.6, కనిష్ఠం 1.4 ఆంపియర్లు
- అవుట్‌పుట్ వోల్టేజీ రిపుల్: కరెంటు రిపుల్‌ను 8తోనూ, ఫ్రీక్వెన్సీతోనూ, కెపాసిటెన్స్‌తోనూ భాగిస్తే 0.03 వోల్టు, అంటే 30 మిల్లీవోల్టులు
- సోర్స్ నుంచి తీసుకునే సగటు కరెంటు: 1 ఆంపియర్

అంకెలతో పాటు ఇండక్టర్ వోల్టేజీ, ఇండక్టర్ కరెంటు, డయోడ్ కరెంటు వేవ్‌ఫామ్‌లను ఒకదాని కింద ఒకటి చేత్తో గీయించండి. గీత వంకరగా ఉన్నా ఫర్వాలేదు. ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ సున్నా అన్నది తెలిస్తే చాలు. దీనికి అరగంట పడుతుంది. "టైమ్ లేదు" అని ఈ అరగంటను కోసేస్తే మిగతా రెండున్నర గంటలూ ప్రింట్లు తీయడానికే పోతాయి.

2. సర్క్యూట్ గీయడం

మొదటి ఫైలులో నిజమైన మాస్ఫెట్ (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) వద్దు. ఎల్‌టీస్పైస్‌లో ఎస్‌డబ్ల్యూ అనే పేరుతో వోల్టేజీతో నడిచే స్విచ్ ఉంటుంది, దాన్ని పెట్టించండి. ఇన్‌పుట్ ప్లస్ నుంచి స్విచ్, అక్కడి నుంచి ఇండక్టర్, తర్వాత కెపాసిటర్, లోడ్. స్విచ్, ఇండక్టర్ కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కు డయోడ్. డయోడ్ ఆనోడ్ గ్రౌండ్ వైపు, కాథోడ్ పైకి.

స్విచ్‌కు మోడల్ లైన్ రాయాలి: ఆర్ఆన్ 10 మిల్లీఓమ్‌లు, ఆర్ఆఫ్ 1 మెగాఓమ్, వీటీ (స్విచ్ మారే వోల్టేజీ) 2.5, వీహెచ్ (హిస్టరిసిస్) 0. స్విచ్ మీద ఉన్న మోడల్ పేరు, ఈ లైన్‌లో రాసిన పేరు ఒకటే ఉండాలి. డయోడ్‌కు కూడా సులువైన మోడల్: ఆర్ఆన్ 10 మిల్లీఓమ్‌లు, ఆర్ఆఫ్ 1 మెగాఓమ్, ఫార్వర్డ్ డ్రాప్ ప్రస్తుతానికి 0.

స్విచ్ కంట్రోల్ పిన్నులకు పల్స్ సోర్స్ కలపండి. గడుల్లో వరుసగా: మొదటి వోల్టేజీ 0, ఆన్ వోల్టేజీ 5, డిలే 0, రైజ్ 50 నానోసెకన్లు, ఫాల్ 50 నానోసెకన్లు, ఆన్ టైమ్ 9.95 మైక్రోసెకన్లు, పీరియడ్ 20 మైక్రోసెకన్లు.

ఆన్ టైమ్ 10 కాకుండా 9.95 ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పల్స్ 2.5 వోల్టులు దాటినప్పుడే స్విచ్ మారుతుంది. పైకెక్కేటప్పుడు అది 25 నానోసెకన్ల దగ్గర, దిగేటప్పుడు 10.025 మైక్రోసెకన్ల దగ్గర జరుగుతుంది. తేడా సరిగ్గా 10 మైక్రోసెకన్లు. ఈ లెక్క అడిగినవాళ్లతోనే బోర్డు మీద చేయించండి.

హెచ్చరిక: రైజ్, ఫాల్ టైములను సున్నాగా వదిలేయకండి. సున్నా పెడితే సాఫ్ట్‌వేర్ తన సొంత విలువ వేసుకుంటుంది, అప్పుడు డ్యూటీ రేషియో మీరు అనుకున్నది కాదు.

నోడ్‌లకు పేర్లు పెట్టించండి. పేర్లు లేకపోతే ఎన్001, ఎన్002 అని వస్తాయి, ఏది ఏదో వాళ్లకే గుర్తుండదు. గ్రౌండ్ గుర్తు పెట్టారో లేదో రన్‌కు ముందు మీరే ఒకసారి బెంచీల మధ్య తిరిగి చూడండి.

3. రన్ సెట్టింగ్

ట్రాన్సియెంట్ అనాలిసిస్ ఎంచుకుని స్టాప్ టైమ్ 20 మిల్లీసెకన్లు, మాక్సిమమ్ టైమ్‌స్టెప్ 50 నానోసెకన్లు పెట్టండి. స్టెప్ సైజు స్విచింగ్ పీరియడ్‌లో నూరో వంతుకు మించకూడదన్నది మంచి కొలత. మన సర్క్యూట్‌కు ఆ హద్దు 200 నానోసెకన్లు.

సిమ్యులింక్‌లో చేస్తున్నవాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పవర్‌జీయూఐ బ్లాకును డిస్క్రీట్‌లో పెట్టి శాంపిల్ టైమ్ 50 మైక్రోసెకన్లు ఇస్తే, మన మొత్తం సైకిలే 20 మైక్రోసెకన్లు కాబట్టి, వచ్చేది ఏదైనా దానికి అర్థం లేదు. 1 మైక్రోసెకను పెట్టినా సైకిల్‌లో 20 మెట్లే, అంటే డ్యూటీ రేషియో 5 శాతం మెట్ల మీద గెంతుతుంది. డ్యూటీని 0.50 నుంచి 0.52కు మార్చాం, అవుట్‌పుట్ మారలేదు అని పిల్లలు వచ్చి చెప్పేది ఇందుకే.

4. మొదటి రన్: స్టార్టింగ్ చూడనివ్వండి

చాలామంది స్టెడీ స్టేట్‌కు (ఊపు తగ్గి వేవ్‌ఫామ్ స్థిరపడిన భాగానికి) జూమ్ చేసి మొదటి 2 మిల్లీసెకన్లను వదిలేస్తారు. అదే పెద్ద పాఠం, వదలకండి.

అవుట్‌పుట్ వోల్టేజీ తిన్నగా 12కు వెళ్లి ఆగదు. సుమారు 0.3 మిల్లీసెకన్ల దగ్గర 21 వోల్టుల దాకా పోయి తర్వాత కిందికి వస్తుంది. ఇండక్టర్ కరెంటు 12, 13 ఆంపియర్లు తాకుతుంది. లోడ్ తీసుకునేది రెండే ఆంపియర్లు! ఖాళీ కెపాసిటర్‌కు ఒక్కసారిగా సగం డ్యూటీ ఇచ్చేశాం కాబట్టి ఇండక్టర్, కెపాసిటర్ కలిసి ఊగుతాయి.

ఇప్పుడు క్లాసును అడగండి: "3 ఆంపియర్ల మాస్ఫెట్ కొని ఈ సర్క్యూట్ కట్టి స్విచ్ వేస్తే ఏమవుతుంది?" సాఫ్ట్ స్టార్ట్ (డ్యూటీని సున్నా నుంచి మెల్లగా పెంచడం) అనే మాటను పుస్తకంలో నిర్వచనంగా చదివినవాళ్లకు దాని అవసరం అప్పుడు కనిపిస్తుంది.

5. స్టెడీ స్టేట్ కొలతలు

19 నుంచి 20 మిల్లీసెకన్ల మధ్య జూమ్ చేయించండి. అందులో సరిగ్గా 50 సైకిళ్లు ఉంటాయి. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని వేవ్‌ఫామ్ పేరు మీద లెఫ్ట్ క్లిక్ చేస్తే సగటు, ఆర్ఎంఎస్ విలువలు వస్తాయి. అవి తెరమీద కనిపిస్తున్న భాగానికి మాత్రమే లెక్క. 0 నుంచి 20 మొత్తం తెరిచి సగటు తీస్తే స్టార్టింగ్ ఊపు కూడా కలిసిపోతుంది.

ఇంకా నమ్మకమైన దారి మెజర్ కమాండ్. 19 మిల్లీసెకన్ల నుంచి 20 దాకా సగటు, పీక్ టు పీక్ అని రాసిపెడితే జవాబులు లాగ్ ఫైలులో వస్తాయి, కంట్రోల్ ఎల్ నొక్కితే అది తెరుచుకుంటుంది. అందరూ ఒకే చోట కొలుస్తారు కాబట్టి మీకు దిద్దడమూ తేలిక.

అంచనా పక్కన కొలత, దాని పక్కన తేడా రాయించండి. తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యం రాయాలి. ఉదాహరణకు అవుట్‌పుట్ 12కు బదులు 11.98 దగ్గర వస్తుంది: 2 ఆంపియర్లు 10 మిల్లీఓమ్‌ల గుండా పోతే 20 మిల్లీవోల్టులు. అంతే, కానీ ఆ వాక్యం వాళ్లే రాయాలి.

6. ఒక్కొక్కటిగా నిజాన్ని కలపండి

ఒకసారికి ఒకే మార్పు. ప్రతి మార్పుకూ ముందు అంచనా.

మొదట డయోడ్ డ్రాప్ 0 నుంచి 0.4 వోల్టుకు. డయోడ్ సగం సమయమే నడుస్తుంది కాబట్టి అవుట్‌పుట్ సుమారు 0.2 వోల్టు తగ్గి 11.78 దగ్గరికి రావాలి. "0.4 తగ్గుతుంది" అని రాసినవాళ్లు ఉంటారు. వాళ్లతో కొట్టేయించకండి. తప్పు అంచనా, దాని పక్కనే సరైన కారణం, రెండూ పుస్తకంలో ఉండాలి.

తర్వాత కెపాసిటర్‌కు సిరీస్‌లో 50 మిల్లీఓమ్‌ల ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి సొంత రెసిస్టెన్స్). ఈ మెట్టు నాకు చాలా ఇష్టం. 1.2 ఆంపియర్ల రిపుల్ 50 మిల్లీఓమ్‌ల మీద 60 మిల్లీవోల్టులు చేస్తుంది. ఇంతకుముందు కెపాసిటర్ వల్ల 30 ఉంది. కాబట్టి క్లాసులో ఎక్కువమంది 90 అని రాస్తారు. రన్ చేస్తే 60 దగ్గరే ఆగుతుంది. రెండు రిపుల్స్ ఒకే క్షణంలో శిఖరానికి చేరవు. కరెంటు శిఖరం మీద ఉన్నప్పుడు కెపాసిటర్ వోల్టేజీ మధ్యలో ఉంటుంది. రెంటినీ ఒకే తెరమీద వేరువేరు రంగుల్లో పెట్టి చూపించండి. స్కోప్‌లో ఇలా విడదీసి చూపించడం కుదరదు, ఎందుకంటే అసలు కెపాసిటర్ లోపలి ఈఎస్ఆర్‌కు ప్రోబ్ పెట్టడానికి కాళ్లుండవు. సిమ్యులేషన్ నిజంగా ఉపయోగపడేది ఇలాంటి చోటే.

7. లోడ్ తగ్గించండి, సూత్రం ఎక్కడ ఆగిపోతుందో చూపించండి

ఈఎస్ఆర్ తీసేసి, డయోడ్ డ్రాప్ మళ్లీ 0 చేసి, లోడ్‌ను 6, 20, 60 ఓమ్‌లుగా మార్చాలి. స్టెప్ కమాండ్ వాడితే మూడూ ఒకే రన్‌లో వస్తాయి. ముందు అంచనా అడగండి. అందరూ మూడింటికీ 12 వోల్టులే రాస్తారు.

6 ఓమ్‌లకు 12. 20 ఓమ్‌లకు కూడా 12, కానీ ఇండక్టర్ కరెంటు కిందికొచ్చి సరిగ్గా సున్నాను తాకుతుంది. 60 ఓమ్‌లకు దాదాపు 16.5 వోల్టులు!

క్లాసు మొత్తం ఒక్కసారిగా తల ఎత్తేది ఇక్కడే. జవాబు వెంటనే చెప్పేయకండి. ఇండక్టర్ కరెంటును జూమ్ చేసి చూడమనండి. ప్రతి సైకిల్‌లో కొంతసేపు కరెంటు సున్నా దగ్గర పడుకుని ఉంటుంది, ఆ సేపు డయోడ్ కూడా నడవదు. డిస్కంటిన్యుయస్ కండక్షన్ అంటే ఇదే. అవుట్‌పుట్ డ్యూటీ రేషియోతో పాటు లోడ్ మీద కూడా ఆధారపడుతుందని కళ్లారా చూశాకే ఆ సూత్రాన్ని బోర్డు మీద రాబట్టండి. 20 ఓమ్‌లే హద్దు ఎందుకైందో వాళ్లే చెప్పగలరు: సగటు కరెంటు 0.6, రిపుల్‌లో సగం కూడా 0.6.

ఒక జాగ్రత్త: 60 ఓమ్‌ల లోడ్‌తో స్టార్టింగ్ ఊపు తగ్గడానికి చాలా మిల్లీసెకన్లు పడుతుంది. స్టాప్ టైమ్ 3 మిల్లీసెకన్లు పెట్టుకున్నవాళ్లకు 16.5 రాదు, ఇంకా ఎక్కువ చూపిస్తుంది. అందుకే మొదటి నుంచీ 20 పెట్టించాం.

8. ఇప్పుడు మాస్ఫెట్

ఐడియల్ స్విచ్ తీసి ఎన్ ఛానెల్ మాస్ఫెట్ పెట్టించండి. గేట్ పల్స్ సోర్స్ గ్రౌండ్‌కు కాకుండా మాస్ఫెట్ సోర్స్ టెర్మినల్‌కు కలపాలి. గ్రౌండ్‌కు కలిపి 10 వోల్టులు ఇస్తే ఏమవుతుందో కూడా ఒక రన్ చేయించండి: సోర్స్ టెర్మినల్ పైకి లేస్తుంటే గేట్, సోర్స్ మధ్య వోల్టేజీ తగ్గిపోతుంది, మాస్ఫెట్ సగం తెరుచుకుని ఆగిపోతుంది, స్విచ్ నోడ్ 24 చేరదు, మిగిలిన వోల్టేజీ అంతా మాస్ఫెట్ మీదే పడుతుంది. ఆల్ట్ కీ పట్టుకుని మాస్ఫెట్ మీద క్లిక్ చేస్తే అది ఎంత పవర్ కాలుస్తోందో కనిపిస్తుంది. హార్డ్‌వేర్ ల్యాబ్‌లో ఐఆర్2110 లాంటి గేట్ డ్రైవర్ ఐసీ, దాని బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ ఎందుకున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

9. కాపీ కొట్టకుండా ఒక చిన్న ఏర్పాటు

రెండో వారం ఒక్కొక్కరికీ వేరే ఇండక్టర్ ఇవ్వండి: 80కి హాల్‌టికెట్ చివరి రెండంకెలు కలిపితే ఎంతో అన్ని మైక్రోహెన్రీలు. 37వ నంబరుకు 117. హాల్‌టికెట్ చివర ఏ1, బీ2 లాంటివి వచ్చినవాళ్లకు అటెండెన్స్ వరుస నంబరు వాడండి. మన సర్క్యూట్‌లో రిపుల్ 120ని మైక్రోహెన్రీలతో భాగిస్తే వస్తుంది కాబట్టి 117కు 1.03 ఆంపియర్లు. మీరు నిల్చున్నచోటే సరిచూడొచ్చు, స్నేహితుడి స్క్రీన్‌షాట్ పనికిరాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*ఎం అంటే మెగా అనుకోవడం.* స్పైస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. ఎం అంటే ఎప్పుడూ మిల్లీయే. మెగా కావాలంటే మెగ్ అని మూడక్షరాలూ టైప్ చేయాలి. స్విచ్ ఆర్ఆఫ్‌కు 1 ఎం అని రాస్తే ఆఫ్‌లో ఉన్న స్విచ్ 1 మిల్లీఓమ్ అవుతుంది, అవుట్‌పుట్ 24 వోల్టుల చుట్టూనే తిరుగుతుంది. "స్విచ్ పనిచేయట్లేదు సార్" అని వస్తే మొదట చూడాల్సింది ఇదే.

*ఎఫ్ అంటే ఫారడ్ అనుకోవడం.* ఒట్టి 1 ఎఫ్ అని రాస్తే అది ఫెమ్టో, అంటే ఉన్నట్టా లేనట్టా అన్నంత చిన్న కెపాసిటర్. మైక్రోకు యూ తప్పనిసరి. అది మర్చిపోయి ఒట్టి 100 అని వదిలేస్తే 100 ఫారడ్లు, 20 మిల్లీసెకన్లలో అవుట్‌పుట్ సున్నా నుంచి కదలదు.

*డయోడ్ తిరగేయడం.* స్విచ్ ఆన్ అయిన ప్రతిసారీ 24 వోల్టులు రెండు 10 మిల్లీఓమ్‌ల గుండా షార్ట్ అవుతాయి: సుమారు 1200 ఆంపియర్లు. సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయదు, ఎర్రర్ ఇవ్వదు, చక్కగా గీసి చూపిస్తుంది. ఈ తప్పు ఫైలును మీరే తయారుచేసి పంచి, "ఇందులో ఏదో తేడా ఉంది, పది నిమిషాల్లో కనిపెట్టండి" అనండి. పైన చెప్పిన ఎం, ఎఫ్ తప్పులను కూడా ఇలాగే ఒక్కో ఫైలులో దాచిపెట్టండి. వైవా మార్కులు వీటికిచ్చినా తప్పులేదు.

*ఆటో స్కేల్‌ను నమ్మడం.* రిపుల్ 30 మిల్లీవోల్టులే అయినా జూమ్ చేస్తే తెరంతా నిండుతుంది. "రిపుల్ చాలా ఎక్కువుంది" అని రికార్డులో రాస్తారు. నిలువు గీత మీది అంకెలు చదవకుండా రిపుల్ గురించి ఒక్క మాట కూడా రాయనివ్వకండి.

*ఇన్‌పుట్ పవర్‌కు ఆర్ఎంఎస్ కరెంటు వాడటం.* ఇది పెద్దవాళ్లూ చేసే తప్పు. సోర్స్ కరెంటు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, దాని ఆర్ఎంఎస్ సుమారు 1.43 ఆంపియర్లు. 24తో గుణిస్తే 34 వాట్లు, ఎఫిషియెన్సీ 70 శాతం అని తేలుతుంది. సోర్స్ వోల్టేజీ స్థిరమైన డీసీ కాబట్టి సగటు కరెంటే తీసుకోవాలి: 1 ఆంపియర్, 24 వాట్లు. సోర్స్ కరెంటు మైనస్‌లో వస్తుందని కంగారుపడొద్దు, ఎల్‌టీస్పైస్ ప్లస్ టెర్మినల్‌లోకి వెళ్లే దిశను ప్లస్‌గా తీసుకుంటుంది. ఇండక్టర్ కరెంటు తలకిందులైతే ఆ భాగాన్ని తిప్పి పెడితే సరిపోతుంది.

*230ని అలాగే టైప్ చేయడం.* రెక్టిఫయర్ ప్రయోగాల్లో సైన్ సోర్స్ అడిగేది పీక్ విలువ. 230 వోల్టుల సప్లైకి 325 పెట్టాలి. ఫైరింగ్ యాంగిల్‌ను (థైరిస్టర్‌ను ఆన్ చేసే కోణాన్ని) కూడా సమయంగా మార్చాలి: 50 హెర్ట్జ్‌లో 60 డిగ్రీలంటే 3.33 మిల్లీసెకన్లు.

వచ్చిన జవాబు సరైనదేనా? నాలుగు పరీక్షలు

స్టెడీ స్టేట్ భాగంలో ఇండక్టర్ వోల్టేజీ సగటు తీయండి. కొన్ని మిల్లీవోల్టులకు మించి ఉంటే ఇంకా స్థిరపడలేదు, లేదా పూర్తి సైకిళ్లు తీసుకోలేదు. కెపాసిటర్ కరెంటు సగటు కూడా సున్నా కావాలి.

ఇన్‌పుట్ పవర్ నుంచి అవుట్‌పుట్ పవర్ తీసేస్తే మిగిలేది స్విచ్, డయోడ్ నష్టాల మొత్తానికి సరిపోవాలి. 0.4 వోల్టు డయోడ్‌తో 23.6 వాట్లు లోపలికి, 23.1 వాట్లు బయటికి వస్తాయి. ఎఫిషియెన్సీ 98 శాతం చూసి మురిసిపోనివ్వకండి. ఐడియల్ స్విచ్‌లో స్విచింగ్ నష్టాలు లేవు, ఇండక్టర్ కోర్ నష్టాలు అసలే లేవు.

మాక్సిమమ్ టైమ్‌స్టెప్ సగం చేసి మళ్లీ రన్ చేయండి. జవాబు మారితే మొదటి జవాబును నమ్మడానికి లేదు.

నాలుగోది, ఒక విలువను రెట్టింపు చేయడం. ఇండక్టర్ 200 మైక్రోహెన్రీలైతే రిపుల్ 0.6 కావాలి. కాకపోతే సర్క్యూట్‌లో ఎక్కడో తప్పుంది.

థైరిస్టర్ ప్రయోగాలకు ఇదే పద్ధతి

సిలబస్‌లో ఫుల్లీ కంట్రోల్డ్ బ్రిడ్జ్ ఉంటే సిమ్యులింక్‌లో చేయించండి, ఎల్‌టీస్పైస్‌లో థైరిస్టర్ మోడల్ వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. 60 డిగ్రీల ఫైరింగ్‌కు రెండు అంచనాలు రాయించండి: రెసిస్టివ్ లోడ్‌తో సగటు 155 వోల్టులు, కరెంటు తెగకుండా ఉండేంత పెద్ద ఇండక్టెన్స్ ఉన్న లోడ్‌తో 103.5 వోల్టులు. తర్వాత ఇండక్టెన్స్‌ను కొంచెం కొంచెం పెంచుతూ 155 నుంచి 103.5కు ఎలా దిగుతుందో చూపించండి. వేవ్‌ఫామ్‌లో మైనస్ ముక్క మెల్లగా పెరగడం కనిపిస్తుంది.

హార్డ్‌వేర్ రోజు

సిమ్యులేషన్ ఎంత బాగా చేసినా బోర్డు మీద ఒక్కసారైనా కట్టించాలి. మన 24 వోల్టుల బక్ అందుకు తగినది: కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లై, లిమిట్ 2 ఆంపియర్లు, డ్యూటీ సున్నా నుంచి మెల్లగా పెంచాలి. స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ను సర్క్యూట్ గ్రౌండ్‌కు తప్ప మరెక్కడా తగిలించకూడదు. గేట్, సోర్స్ మధ్య వోల్టేజీ చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ కావాలి. 230 వోల్టుల ప్రయోగాలైతే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా విద్యార్థులను దగ్గరికి రానివ్వొద్దు.

లోడ్ 60 ఓమ్‌లు చేసి స్విచ్ నోడ్ చూపించండి. సిమ్యులేషన్‌లో కరెంటు సున్నా అయిన సమయంలో అక్కడ నున్నగా ఉన్న గీత బోర్డు మీద ఊగుతూ కనిపిస్తుంది. మాస్ఫెట్, డయోడ్‌ల సొంత కెపాసిటెన్స్ ఇండక్టర్‌తో కలిసి చేసే రింగింగ్ అది. ఫైలుకు తిరిగి వెళ్లి డయోడ్‌కు అడ్డంగా 500 పికోఫారడ్లు కలిపి రన్ చేయమనండి. 700 కిలోహెర్ట్జ్ దగ్గర అదే ఊపు తెరమీదా వస్తుంది. బోర్డు మీద ఎంత ఫ్రీక్వెన్సీ వచ్చిందో కొలిస్తే, అసలు కెపాసిటెన్స్ ఎంతో విద్యార్థే వెనక్కి లెక్కగట్టగలడు.

ఆ తర్వాతి వారానికి బూస్ట్, అంటే వోల్టేజీని పెంచే కన్వర్టర్. అవే ఇండక్టర్, కెపాసిటర్, ఫ్రీక్వెన్సీ, డ్యూటీ, లోడ్ మాత్రం 24 ఓమ్‌లు. అంచనా: 48 వోల్టులు, లోడ్ కరెంటు 2, ఇండక్టర్ సగటు 4 ఆంపియర్లు, దాని రిపుల్ 2.4. అవుట్‌పుట్ రిపుల్ దగ్గర బక్‌లోని 8తో భాగించే సూత్రాన్ని అలాగే దింపేసి 60 మిల్లీవోల్టులు అని రాసేవాళ్లు ఉంటారు. బూస్ట్‌లో స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ లోడ్‌ను కెపాసిటర్ ఒక్కటే మోస్తుంది: 2 ఆంపియర్లు, 10 మైక్రోసెకన్లు, 100 మైక్రోఫారడ్లు, అంటే 200 మిల్లీవోల్టులు. రాసినదాన్ని అలాగే ఉంచి రన్ నొక్కమనండి.